దాగుడుమూతలు

పిల్లికి జబ్బు చేస్తే అది మొట్టమొదట చేసే పని, ఆ సంగతి మనకు తెలియకుండా చూసుకోవడం. కుక్క అయితే కుంటుకుంటూ వచ్చి కాలు చూపిస్తుంది, ఒళ్ళో తలపెట్టి మూలుగుతుంది. పిల్లికి ఆ అలవాటు లేదు. మంచం కిందికో, బీరువా వెనక్కో చేరి కాళ్ళు నాలుగూ లోపలికి ముడుచుకుని కూచుంటుంది. ఎండలు ముదిరాయి కదా, చల్లటి చోటు వెతుక్కుంది పాపం అని మనం అనుకుంటాం. పశువైద్యులు దీనికి చెప్పే కారణం సబబుగానే ఉంటుంది. పిల్లి వేటాడే జంతువే, కానీ తనకంటే పెద్దవాటికి అదీ వేటే. నీరసం బయటపడితే అడవిలో ప్రాణం దక్కదు. వేల ఏళ్ళుగా మనుషుల పంచన బతుకుతున్నా ఆ జాగ్రత్త మాత్రం వదల్లేదు.

చిన్నప్పుడు మనం ఆడుకున్న దాగుడుమూతల్లో ఎలుకలు దాక్కునేవి, పిల్లి వెతికేది. మొండి జబ్బులున్న పిల్లుల్ని పెంచుకునే ఇంట్లో ఆట తిరగబడుతుంది. దాక్కునేది పిల్లి. కళ్ళకు గంతలు మనకు.

మా ఇంట్లో అలాంటివి రెండున్నాయి. హాలు, వంటిల్లు, మా అత్తగారి గది ముసలయ్యవి. వాడికి వయసు మీదపడింది, కిడ్నీలు సగానికి పైగా పని మానేశాయి. బాల్కనీ ఉన్న పడగ్గది చుక్కది. సెల్లార్‌లో స్కూటర్ల మధ్య దొరికిన ఆడపిల్లి. ఒళ్ళంతా తెలుపు, నుదుటి మీద ఒక్క నల్లమచ్చ. దానికి ఫీలైన్ ల్యూకేమియా. ఈ రెండు రాజ్యాల మధ్య ఎప్పుడూ మూసి ఉండే తలుపొకటి ఉంది, ఎందుకంటే చుక్కది అంటు జబ్బు. మనుషులకు అంటదు, కుక్కలకూ అంటదు. పిల్లికి పిల్లి నుంచే వస్తుంది. ఒకదాన్నొకటి నాక్కోవడం వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల, కొట్లాటలో పడిన కాట్ల వల్ల. తల్లికి ఉంటే కడుపులో ఉన్నప్పుడో పాల ద్వారానో కూనలకూ వస్తుంది. ఒంటి బయట ఈ జబ్బు తెచ్చే వైరస్ ఎక్కువసేపు బతకదు, సబ్బునీళ్ళకే చస్తుంది. కాబట్టి చేతులు కడుక్కుని, గిన్నెలు వేరుగా పెట్టుకుని, తలుపు వేసుకుంటే చాలు. చాలు అన్నానే గానీ, అటూ ఇటూ గీరే రెండు పిల్లుల మధ్య తలుపు వేసి ఉంచడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఈ జబ్బు బయటపడిన తీరు కూడా చిత్రమే. స్కాట్లండులో ఒక పశువైద్యుడికి ఒక ఇంటి పిల్లులు తరచూ వచ్చేవి. ఆ ఒక్క ఇంట్లోనే పిల్లి తర్వాత పిల్లి లింఫ్ కణాల కాన్సర్‌తో పోతున్నాయి. కాన్సర్ అంటుకునేది కాదు కదా, మరి ఇదేమిటని ఆయనకు అనుమానం వచ్చి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్‌కు చెప్పాడు. 1964లో జారెట్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ కాన్సర్ కణాల దగ్గర వైరస్‌ను చూసింది. పుస్తకాల్లో జారెట్ పేరే పెద్దగా ఉంటుంది, ఉండాల్సిందే. నాకు మాత్రం ఆ మొదటి డాక్టరంటే మక్కువ. అన్ని పిల్లుల మధ్య, ఇది అదే ఇల్లు కదూ అని గుర్తుపెట్టుకున్నవాడు ఆయనే.

వైరస్‌కూ దాక్కోవడం తెలుసు. ఇది రెట్రోవైరస్ జాతిది, తన జన్యువుల్ని పిల్లి కణాల డీఎన్ఏలోనే కలిపేస్తుంది. కొన్ని పిల్లులు మొదట్లోనే దాన్ని పూర్తిగా తరిమేస్తాయి. కొన్నిట్లో రక్తంలోంచి తప్పుకుని ఎముక మజ్జలో నక్కి ఉంటుంది. మామూలు కిట్ పరీక్షకు దొరకదు, పీసీఆర్ చేస్తేనే జాడ తెలుస్తుంది. మిగతా వాటిలో రక్తంలోనే కాపురం పెట్టి మజ్జను, రోగనిరోధక శక్తిని తినేస్తుంది. అందుకే ఒక్కసారి పాజిటివ్ వస్తే అదే తీర్పు కాదు, కొన్ని వారాలు ఆగి మళ్ళీ చూడాలి. చుక్కకు మళ్ళీ చూశారు. మూడో రకం. ఇలాంటివి ఎక్కువ భాగం మూడేళ్ళు దాటవని డాక్టరు గారు చెప్పారు. దాటినవీ ఉన్నాయని కూడా, మేము అడగకుండానే చెప్పారు.

రక్తపరీక్ష 1970లలో వచ్చింది. వచ్చిన కొత్తలో, పాజిటివ్ అని తేలిన పిల్లి గెంతులేస్తున్నా సరే చంపేయడమే మందు అనుకున్న రోజులున్నాయి. టీకా 1985లో అమెరికాలో వచ్చింది. (మన దగ్గర పిల్లులకు మామూలుగా వేసే మూడు జబ్బుల టీకాలో ల్యూకేమియా లేదు. టీకా వేయించాం కదా అని ధీమాగా ఉండేవాళ్ళు ఒకసారి కార్డు చూసుకోవాలి.) 2020లో అమెరికాలోని పిల్లి వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో, పరీక్ష ఫలితం ఒక్కటే చూసి ప్రాణం తీయవద్దని రాశారు. ఇవాళ టెక్సస్‌లో ఆస్టిన్ పెట్స్ అలైవ్ అనే సంస్థ ల్యూకేమియా పిల్లుల్ని ఏరికోరి తెచ్చి మరీ దత్తత ఇస్తోంది. ఆస్టిన్‌లో ఉండే మా పిన్నిగారి అమ్మాయి అలా ఒకదాన్ని తెచ్చుకుంది. ఫోన్‌లో మేమిద్దరం మాట్లాడుకునేదంతా చిగుళ్ళ రంగు గురించే.

చిగుళ్ళ రంగు మాకు నేర్పింది మా అత్తగారు. ఆవిడకు మొదట్లో పిల్లులంటే పడేది కాదు. గుమ్మం దాటబోతుండగా ముసలయ్య ఎదురొస్తే చెప్పులు విప్పేసి, లోపలికొచ్చి కూచుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. పిల్లి ఇంట్లోనే ఉంటే రోజూ ఎదురొస్తుంది కదా. కొన్నాళ్ళకు శకునమే అలిసిపోయింది. ఒకరోజు చుక్క కిటికీ దగ్గర ఎండలో పడుకుని ఉంటే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "ఇదేమిటే, దీని ముక్కు వెలిసిపోయింది?" అంది. గులాబిరంగు ముక్కు నిజంగానే తెల్లబడి ఉంది. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళూ అంతే. తింటోంది, ఆడుతోంది, గిన్నె ఖాళీ అవుతోంది. రక్తం చూస్తే పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 30 పైన ఉండాల్సింది 17కు దిగింది. వైరస్ మజ్జను పట్టుకుంటే ఎర్రకణాలు తయారవడం తగ్గిపోతుంది. అది మెల్లగా తగ్గుతుంది కాబట్టి పిల్లి ఆ లోటుకు సర్దుకుపోతూ వస్తుంది, పడిపోయే దాకా తెలియనివ్వదు. నేను రోజూ అన్నం గిన్నె చూసేదాన్ని, ఆవిడ ముఖం చూసేది.

ఆవిడకు ఈ దొంగాట అంత తేలిగ్గా ఎలా అర్థమైందంటే, తనూ అదే బాపతు కాబట్టి. షుగర్ డాక్టరు ముందు కూచుని "తీపి ముట్టనండీ" అంటుంది. ఇంట్లో సున్నుండల డబ్బా తేలికైపోతుంటుంది. దాచేవాళ్ళ గుట్టు దాచేవాళ్ళకే తెలుస్తుంది.

అప్పటి నుంచి వంటింటి తూకం పిల్లులకే అంకితమైంది. నాలుగు కిలోల పిల్లి రెండు వందల గ్రాములు తగ్గితే చేతికి తెలియదు, కంటికి కనిపించదు. కానీ అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు లెక్క. నిద్రపోతున్నప్పుడు డొక్క లేచిపడటం నిమిషానికి ఎన్నిసార్లో చూస్తాం. ముప్ఫై లోపు ఉంటే నిశ్చింత. లిట్టర్‌లో ఉండలు ఎంతెంత ఉన్నాయో చూస్తాం. కిడ్నీ పిల్లి ఎక్కువ పోస్తుంది, ఎక్కువ తాగుతుంది. నీళ్ళు బాగా తాగుతోంది, మంచిదే అని మురిసిపోయేది ఇక్కడే. పళ్ళెం ముందు కూచుని వాసన చూసి, పెదాలు చప్పరించి, తినకుండా వెనక్కి తిరిగే పిల్లికి ఆకలి లేక కాదు, కడుపులో తిప్పుతోంది. వీటిలో ఒక్కటీ పిల్లి చెప్పదు. అన్నీ కాపు కాసి పట్టుకోవాల్సినవే.

దాన్నలా కాపు కాసినట్టు కూడా దానికి తెలియకూడదు. అసలు కష్టం అదే. మందు సీసా మూత శబ్దం వినగానే ముసలయ్య ఫ్రిజ్ వెనక ఉంటాడు. పసిపిల్లల సిరప్‌లో అయితే తీపి కలిపి ఏమారుస్తారు. పిల్లి నాలుకకు తీపే తెలియదు, తీపిని పట్టే జన్యువు దానికి ఎప్పుడో చెడిపోయింది. చేదు మాత్రం బ్రహ్మాండంగా తెలుస్తుంది, నోటి నిండా నురగ కక్కి మన చీర కొంగుకే తుడుస్తుంది. పోనీ ఇష్టమైన చేపలో కలిపి పెడదామా అంటే, అక్కడ తెనాలి రామకృష్ణుడు అడ్డమొస్తాడు. రాయలవారు పిల్లినిచ్చి పెంచమంటే కాగే పాలు పెట్టి మూతి కాల్చాడని, ఆ తర్వాత అది పాలు చూస్తేనే పారిపోయేదని కథ కదా. ఆ కథకు నవ్వని తెలుగు పిల్లలు లేరు. ఇప్పుడు నాకు అందులో నవ్వు రాదు, ఎందుకంటే పిల్లుల డాక్టర్లు చెప్పేదీ అదే. కడుపు తిప్పుతున్నప్పుడు బలవంతాన పెట్టిన తిండి, చేదు మందు కలిపిన తిండి పిల్లి జన్మకు మరిచిపోదు. ఆ ఒక్క పూట మందు లోపలికి పోతుంది, ఆ తర్వాత చేపే పోతుంది. తిండి మానేసిన పిల్లి ముందు ఎన్ని మందులున్నా వృథా.

లంఖణం పరమౌషధమని మన పెద్దల మాట. మనుషుల జ్వరాలకు ఎంతవరకు పనికొస్తుందో గానీ, పిల్లి దగ్గర ఆ మాట ఎత్తకూడదు. రెండు మూడు రోజులు తిండి మానేస్తే పిల్లి ఒంట్లోని కొవ్వంతా కరిగి కాలేయంలోకి చేరి దాన్ని ముంచేస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఇంకా ప్రమాదం. అందుకని మందుకొక దారి, తిండికొక దారి. మాత్రని ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి నాలుక వెనక్కి జారవిడిచి, వెంటనే సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్ళు పట్టాలి. నీళ్ళు పట్టకపోతే, ముఖ్యంగా డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర గొంతు గొట్టంలోనే అతుక్కుని పుండు చేస్తుంది. తిండేమో గోరువెచ్చగా చేసి వేరే వేళకు, వేరే చోట. చుక్కకు పచ్చిమాంసం నిషేధం. ఆరోగ్యంగా ఉన్న పిల్లి అరిగించుకునే క్రిముల్ని అది తట్టుకోలేదు. డోలో మాటే ఎత్తకూడదు. పారాసెటమాల్‌ను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. ఒళ్ళు కాలుతోందని ప్రేమకొద్దీ పావు మాత్ర వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ముసలయ్యకు సెలైన్ ఎక్కించే పని ఎవరూ చెప్పకుండానే అత్తగారి రాత్రి సీరియల్ వేళకు కుదిరిపోయింది. సెలైన్ సీసాను గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచి, కిటికీ కమ్మీకి తగిలిస్తాను. వాడు ఆవిడ ఒళ్ళో ఉంటాడు. ఆవిడ కళ్ళు టీవీ మీదే, చెయ్యి వాడి గడ్డం కింద. భుజాల మధ్య వదులుగా ఉండే తోలు పైకెత్తితే చిన్న గుడారంలా లేస్తుంది. సూది అందులోకి దిగినప్పుడు చిన్న బిగువు, ఆ తర్వాత ఏమీ ఉండదు. నరం వెతకక్కర్లేదు. వంద మిల్లీలీటర్లు తోలు కింద చేరి భుజం మీద మూపురం లేస్తుంది. రాత్రి గడిచేకొద్దీ ఆ మూపురం ఒక కాలి వైపు జారి, తెల్లారేసరికి ఒంట్లో ఇంకిపోతుంది. సూది తీసి పత్తి అద్దేటప్పుడు వాడు గుర్రుమంటుంటాడు. తనకేదో వైద్యం జరిగిందని వాడికి తెలుసా? తెలిసినా ఒప్పుకోడని నా అనుమానం. ఆవిడ ఒళ్ళో కూచున్నాడు, టీవీ చూశాడు, అంతే.

పిల్లికి ఇంత ఖర్చా అనేవాళ్ళుంటారు. పిల్లికి బిచ్చం పెట్టడని పిసినారిని తిట్టే భాష మనది, ఆ మాట ఇంకోలా కూడా వినొచ్చు. వాళ్ళతో నేను వాదించను.

ఎప్పుడు ఆపాలన్నది మాత్రం తప్పించుకోలేని ప్రశ్న. అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశు కాన్సర్ వైద్యురాలు దీనికొక పట్టిక తయారుచేసింది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువున్నాయా లేదా. ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు. మొత్తం 35 దాటితే సాగించవచ్చు. మంచి పట్టికే, ఫ్రిజ్ మీద అంటించాను. చిక్కేమిటంటే ఆ మార్కులు వేసేది మనం. ఆశ ఉన్నరోజు చెయ్యి ధారాళంగా ఉంటుంది, అలిసిన రోజు బిగుసుకుంటుంది. అత్తగారిది వేరే పరీక్ష. ఆదివారం కత్తిపీట మీద చేప పెట్టిన చప్పుడుకు ముసలయ్య వస్తే ఆ వారం పాసు. రాకపోతే డాక్టరుకు ఫోన్. నాకు ఆవిడ పరీక్ష మీదే గురి ఎక్కువ. అందులో మన ఆశకు చోటు లేదు. చేప చప్పుడుకు రాని పిల్లి వచ్చిందని ఎవరూ అనుకోలేరు.

నిద్రపుచ్చడం అన్న మాట మా ఇంట్లో ఇంకా ఎవరూ పైకి అనలేదు. అవసరమైనప్పుడు అంటాం. అడిగి చేయించడం పాపమని నేననుకోను. పిల్లి దాచుకోగలిగినంత కాలం దాచుకుంది, ఇక దాచలేకపోతోందని తెలిశాక కూడా మన దుఃఖం వాయిదా వేసుకోవడానికి దాన్ని ఉంచడమే నాకు నచ్చదు.

ఇంతసేపూ పిల్లి దాపరికం గురించే చెప్పాను. మేమూ దాచాం. చుక్క జబ్బు సంగతి మా బ్లాకులో ఎవరికీ చెప్పలేదు. అంటురోగం అన్న ఒక్క ముక్కే వినిపించుకుంటారని, మనుషులకు అంటదన్న రెండో ముక్క వినేలోపే అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పడుతుందని మావారి భయం. క్లినిక్‌కు బుట్టలో తీసుకెళ్తుంటే ఎవరైనా అడిగితే "టీకాకండీ" అనేవాళ్ళం. ఆ లెక్కన చుక్కకు పడినన్ని టీకాలు దేశంలో ఏ పిల్లికీ పడి ఉండవు.

మొన్న మళ్ళీ పీసీవీ పడిపోయింది, ఈసారి 12. రక్తం ఎక్కించాలన్నారు డాక్టరు గారు. పిల్లుల్లోనూ రక్తం గ్రూపులున్నాయి: ఏ, బీ, ఏబీ. చాలావాటిది ఏ. కానీ బీ గ్రూపు పిల్లికి ఏ రక్తం ఎక్కిస్తే మొదటిసారికే ప్రాణం పోతుంది, కుక్కల్లోలా మొదటి పొరపాటుకు మన్నింపు ఉండదు. కాబట్టి గ్రూపు చూడాలి, రెండు రక్తాలు కలిపి చూడాలి, ముందు ఇచ్చే పిల్లి దొరకాలి. నాలుగున్నర కిలోలు దాటి ఉండాలి, బయట తిరగనిది కావాలి, ల్యూకేమియా, ఎఫ్ఐవీ (పిల్లుల ఎయిడ్స్ వైరస్) రెండూ లేనిదై ఉండాలి. తీసేది సుమారు 50 మిల్లీలీటర్లే, కానీ కాస్త మత్తు ఇవ్వాల్సి ఉంటుంది.

"పైన నాలుగో అంతస్తులో ఉంది కదే, ఆ ఎర్రపిల్లి. ఆరు కిలోలకు తక్కువుండదు" అంది అత్తగారు. ఆ పిల్లి బాల్కనీ వలలోంచి కిందికి చూస్తుంటుంది, ఆవిడకు అన్నీ తెలుసు. "రేపు చూద్దాంలే అనుకోకు, ఇప్పుడైతే మెలకువగా ఉంటారు."

ఫైలు తీసుకుని వెళ్ళాను. పై ఇంటావిడ తలుపు తీసి, నేను చెప్పిందంతా నిలబడే విన్నారు. మనుషులకు అంటదన్న ముక్క దాకా కూడా విన్నారు. తర్వాత లోపలికి రమ్మని కూచోబెట్టి, గొంతు తగ్గించి, "మావాడు పనికిరాడండీ, వాడికి గుండె జబ్బు" అన్నారు. గుండె కండరం దళసరెక్కే జబ్బు, పిల్లుల్లో చాలా మామూలు. పైకి ఏమీ తెలియదు, ఆరు కిలోల నిక్షేపంలా కనిపిస్తాడు. మత్తు వాడికి ప్రమాదం. రెండేళ్ళుగా రక్తం గడ్డకట్టకుండా రోజూ క్లోపిడోగ్రెల్ పావు మాత్ర వేస్తున్నారట. "ఇంట్లో పెద్దవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పిల్లికి గుండె జబ్బంటే నవ్వుతారు కదండీ." అంత చేదు మాత్ర ఎలా వేస్తారని అడిగాను. ఖాళీ క్యాప్సూల్‌లోనే. ఎక్కడ కొంటారో కూడా చెప్పారు, మేము కొనేదానికంటే చవక.

ఎర్రపిల్లి సోఫా కింద నుంచి మా ఇద్దరినీ చూస్తోంది. ఆవిడ ఫోన్ తీసి, కూకట్‌పల్లిలో వాళ్ళ చెల్లెలికి ఒక పిల్లి ఉందని, ఇల్లు దాటదని, పరీక్షలన్నీ అయ్యాయని చెబుతూ నంబరు వెతకసాగారు.

"బరువెంత ఉంటుందండీ?" అన్నాను.